తొమ్మిది వందల ఎనభై రావాలి

పనసపొట్టు కూర గిన్నె చేతిలో పెట్టి మా పై వాటాలో ఉండే లక్ష్మి అడిగిన ప్రశ్నతో ఇదంతా మొదలైంది. లక్ష్మి భర్త రైల్వేలో పనిచేస్తాడు. కూతురు హాసిని ఇక్కడే రాజమండ్రిలో, రంగురంగుల ఫ్లెక్సీలు కట్టుకున్న ఒక కాలేజీలో ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది. "బాబాయిగారూ, మా పాప టెన్త్‌లో ఆడుతూ పాడుతూ చదివిందండి. ఇంటరుకొచ్చేసరికి నలిగిపోతోందండి. మీ రోజుల్లోనూ ఇంటరు ఇంత కష్టంగా ఉండేదాండి?" అంది. "ఇంటరా? ఇంటరంత తేలిక చదువు నాకు బుద్ధి తెలిశాక ఇంకోటి చూడలేదమ్మా" అన్నాను. నేను హాస్యమాడుతున్నాననుకుని ఆవిడ నవ్వింది. నా మాట ఎవరైనా నమ్మాలంటే ముందు వాళ్ళు మా ఊరి హైస్కూల్లో చదివి ఉండాలి.

తల్లి వెనకాల హాసిని నిలబడి ఉంది. చేతిలో అట్ట వేసిన ఫిజిక్సు రికార్డు. ప్రయోగశాలలో చేసిన ప్రయోగాలన్నీ అందులో రాసి లెక్చరరు చేత సంతకం పెట్టించుకోవాలి, లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకి రానివ్వరు. రేపే ఆఖరి రోజట. "తాతగారూ, లోలకం ప్రయోగంలో తొమ్మిది వందల ఎనభై రావాలండి. నాకు తొమ్మిది వందల యాభై ఆరు వచ్చింది. మూడుసార్లు చేశానండి. ఎనభై లేకపోతే సంతకం పెట్టనన్నారు మా సారు. గ్రూపులో అందరికీ రీడింగుల ఫొటో పెట్టేశారు, చూసి రాసెయ్యమన్నారు. నాకు నా రీడింగులే ఉంచుకోవాలనుందండి. మీరు బియస్సీ కదా, తేడా రాకుండా వెనక నుంచి లెక్క వేసి పెట్టరా?"

వెనక నుంచి లెక్క. ఆ మాట విని యాభై ఏళ్ళు దాటింది. కాలేజీలు మారాయి, ఫీజులు మారాయి, నల్లబల్ల పోయి తెల్లబల్ల వచ్చింది, ఈ మాట మాత్రం చెక్కుచెదరలేదు. దారానికి గుండు కట్టి ఊపి, దారం పొడవూ, ఊపుకి పట్టిన కాలమూ కొలిస్తే, కిందపడే వస్తువు వేగం సెకను సెకనుకీ ఎంత పెరుగుతుందో తెలుస్తుంది. ఆ అంకె సెంటీమీటర్లలో తొమ్మిది వందల ఎనభై అని పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో ఉంది కాబట్టి ముందు ఎనభై వేసుకుని, దానికి తగ్గట్టు కొలతలు పుట్టించడమే వెనక నుంచి లెక్క. మా కాలేజీ నాకు నేర్పిన విద్యల్లో పూర్తిగా వంటబట్టింది అదొక్కటే. రికార్డు వదిలి వెళ్ళమని చెప్పి, పడక్కుర్చీలో వెనక్కి వాలాను.

మా ఊరు కాలవ గట్టు మీద ఊరు. హైస్కూలు కూడా గట్టు మీదే. పెంకుటిల్లు, నాలుగు గదులు, వర్షం వస్తే రెండు గదులు. లెక్కలూ సైన్సూ రెండూ చెప్పే సూర్యనారాయణ మాస్టారు వచ్చే ముందు ఆయన నశ్యం వాసన వచ్చేది. పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, చంకలో గొడుగు పెట్టుకుని వచ్చి, పుస్తకం మూయించేవారు. మేం తొమ్మిదిలో ఉండగా ఒకరోజు అందర్నీ కాలవ వంతెన మీదికి తోలుకెళ్ళి, ఒక్కొక్కడి చేతిలో ఎండు కొబ్బరికాయ పెట్టారు. "ఈ కాలవలో సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీళ్ళు పోతున్నాయో వారంలో చెప్పండి. కాయని నీళ్ళలో వెయ్యండి, లాకుల దాకా ఎంతసేపట్లో వెళ్ళిందో చూడండి. వెడల్పు తాడుతో కొలవండి. లోతు లాకుల గేజీ మీద ఉంటుంది. జవాబు లాకుల పుస్తకంలో ఉంటుంది, కానీ అది చూసి చెప్పినవాడి తోలు తీస్తాను" అన్నారు. గేట్లు ఎత్తే దించే లస్కరు వీర్రాజు కూతురు మంగతాయారు మా క్లాసే. ఆ పుస్తకం వాళ్ళింట్లోనే దూలానికి వేలాడేది. ఆ పిల్ల అటు కన్నెత్తి చూడలేదు.

నాకు జవాబు లాకుల లెక్క కన్నా బాగా ఎక్కువొచ్చింది. మాస్టారు నా కాగితం చూసి తప్పని అనలేదు, రైటనీ అనలేదు. "ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా కొలిచావురా?" అన్నారు. "వంతెన నుంచి లాకుల దాకా అండి." "ఎవరు నడిచారు? నువ్వా, కాయా?" "అడుగులేసి కొలిచింది నేనండి." "నువ్వు గట్టు మీద నడిచావు. అది నీళ్ళలో నడిచింది. ఇద్దరిదీ ఒకటే దారా?" అని కాగితం నా మొహాన కొట్టారు. మూడు రోజులు ఆ ప్రశ్న నన్ను అన్నం తిననివ్వలేదు. మధ్యలో కాలవ వంపు తిరుగుతుందనీ, నేను వంపుకి బయటి గట్టు మీద నడిచాననీ, కాయ అంత దూరం పోలేదనీ చివరికి వెలిగింది. పరుగెత్తుకెళ్ళి చెబితే, "ఊఁ. ఇప్పుడు చెప్పు, మధ్యలో పోయే నీళ్ళూ గట్టు పక్క నీళ్ళూ ఒకే వేగమా?" అన్నారు. నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ మూడు నెలల పరీక్షలో నాకు పదిహేడు మార్కులు, తాయారుకి అరవై రెండు. అరవై రెండు ఆయన చేతి మీదుగా అంతకు ముందు ఎవరికీ రాలేదట.

ఆ రోజుల్లో మా ఇంట్లో నా చదువుకి చిల్లికానీ విలువ కూడా ఉండేది కాదు. మా నాయనమ్మ తెల్లవారకుండా లేచి పేడనీళ్ళు చల్లి, దాలి మీద పాలు పెట్టి, నన్ను కాలితో తట్టి లేపేది. దూడకి గడ్డి, నూతిలోంచి నీళ్ళు, పెరట్లో పాదులు, అన్నీ అయ్యాకే చద్దన్నంలో మాగాయ వేసి పెట్టేది. "నాయనమ్మా, లెక్క చెయ్యాలే" అంటే, "నీ లెక్క ఎక్కడికీ పారిపోదు, దూడ పారిపోతుంది" అనేది. కాలవ గురించి బుర్ర బద్దలుకొట్టుకున్న మూడు రోజులూ నేను గేదె పక్కన గోనెపట్టా మీదే కూర్చున్నాను. ఎవరూ జాలిపడలేదు. స్కూలు చదువంటే పిల్లల చదువు, అసలు చదువు కాలేజీలో ఉంది, అదొక మహాసముద్రం అని మా నాన్నగారి అభిప్రాయం. ఆయన కాలేజీ గేటు దాటి లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు, అందుకని అంత ధైర్యంగా చెప్పగలిగేవారు.

పక్క టౌన్లో కాలేజీలో చేరాను. ఆ మహాసముద్రం మడమలు కూడా తడవనంత ఉంది. లెక్చరరుగారు తన కాలంలో రాసుకున్న నోట్సు తెచ్చుకుని, ఇంగ్లీషులో చదివేవారు, మేం రాసుకునేవాళ్ళం. ఆయన దగ్గినప్పుడు ఆగేవాళ్ళం. తెలుగులో చదివొచ్చిన మాకు సగం అర్థమయ్యేది కాదు, అర్థం కానక్కర్లేదని మొదటి వారంలోనే అర్థమైపోయింది. ప్రశ్న ఎలా మొదలవుతుందో చూసి, దానికి కంఠతా పట్టిన జవాబు వదలడమే. సూర్యనారాయణ మాస్టారి దగ్గర పదిహేడు తెచ్చుకున్న నేను ఇక్కడ ఎనభై, ఎనభై అయిదు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. నాకు తెలివి పెరిగిందని మా నాన్నగారు ఊరంతా చెప్పారు. నేనూ నమ్మాను. అంతకంటే వెధవతనం నా జీవితంలో ఇంకోటి లేదు.

నేను కాలేజీలో చేరిన నాటి నుంచి ఇల్లు కూడా మారిపోయింది. దూడ బాధ్యత తమ్ముడికి పోయింది. వీధి గదిలో కిటికీ పక్క బల్ల వేశారు. నేను బల్ల ముందు కూర్చుంటే నాయనమ్మ అరుగు మీద కాపలా ఉండేది. ఎవరొచ్చినా వేలు పెదాల మీద పెట్టి, "మూర్తి చదువుకుంటున్నాడు" అనేది. అన్నంలో నెయ్యి రెండు చెంచాలకి పెరిగింది. మధ్యాహ్నం బెల్లం కాఫీ బల్ల మీదికే వచ్చేది. లోపల నేను చేస్తున్న ఘనకార్యం ఏంటంటే, నాలుగేళ్ళ కిందటి సీనియరు రికార్డు ముందు పెట్టుకుని, రంగు పెన్సిళ్ళతో దాన్ని దింపుకోవడం. కాలేజీలో అందరికీ ఆ రికార్డే ఆధారం. ఆ సీనియరు ఒక చోట సిరా ఒలకబోసుకుని, మరక కింద ఒక అంకె కనబడక వదిలేశాడు. మా క్లాసు మొత్తం ఆ అంకె ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశాం. సంతకాలు పడ్డాయి.

తాయారు కూడా అదే కాలేజీకి వచ్చింది. వీర్రాజు ఉన్నదంతా ఊడ్చి చేర్పించాడు. ఆడపిల్లకి కాలేజీ ఏంటని అన్నవాళ్ళందరికీ, "ఒక్క ఏడు కూడా తప్పదండి మా పిల్ల. తప్పితే నేనే మానిపించేస్తానండి" అని జవాబు చెప్పాడు. ఆ మాట మీదే ఆ పిల్ల బస్సెక్కేది. తప్పితే మళ్ళీ కాలేజీ లేదని తనకీ తెలుసు, నాకూ తెలుసు. రెండో సంవత్సరం లోలకం ప్రయోగం వచ్చింది. ప్రయోగశాలలో దారాలకి ముందే ముడులు వేసి ఉండేవి, అరవై సెంటీమీటర్లకొకటి, డెబ్భైకొకటి. మేం ఆ దారాల జోలికి పోలేదు. తాయారు ఒక్కతే గుండు కట్టి ఊపి, ఇరవై ఊపులకి ఎన్ని సెకన్లో చూసి, లెక్క వేసింది. తొమ్మిది వందల యాభై ఆరు వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఆ చుట్టుపక్కలే వచ్చింది.

లెక్చరరుగారు రికార్డు తిరగేసి, "పుస్తకం తప్పా, నువ్వు తప్పా?" అన్నారు. "నేనే ఏదో తప్పు కొలిచానండి. ఎక్కడో తెలీట్లేదండి. మీరు చెబితే మళ్ళీ చేస్తానండి" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆయనకి తెలిస్తే కదా చెప్పడానికి. "ఎనభై వేసుకుని రా, సంతకం పెడతాను" అని రికార్డు బల్ల మీద పడేశారు. సాయంత్రం బస్సు దగ్గర నేను నా రికార్డు చాపి, "నాది చూసి రాసెయ్యి తాయారూ, ఒక ఏడాది పోగొట్టుకుంటావా?" అన్నాను, పెద్ద దాతలాగా. ఆ పిల్ల రికార్డు తెరవను కూడా తెరవలేదు. "నీకు ఎనభై ఎక్కణ్ణుంచి వచ్చింది? నువ్వసలు గుండు ముట్టుకున్నావా?" అంది. నాకు కోపం వచ్చింది. పొగరు అనుకున్నాను. తన రికార్డు మీద సంతకం పడలేదు, ప్రాక్టికల్‌కి రానివ్వలేదు, ఆ ఏడు తప్పింది. వీర్రాజు మాట తప్పే మనిషి కాదు. పరీక్షలో నన్ను లోలకం పొడవు అంటే ఏమిటని అడిగారు. వేలాడదీసిన చోటి నుంచి గుండు మధ్య దాకా అని ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాను. పూర్తి మార్కులు వేశారు.

తర్వాత బియస్సీ ఫస్టు క్లాసు, తాలూకా ఆఫీసులో ఉద్యోగం, డిప్యూటీ తహసీల్దారుగా రిటైర్మెంటు. ఉద్యోగంలో నేను రాణించానంటే ఆ పుణ్యం కాలేజీదే. వరదొచ్చి చేలు మునిగితే ఎన్ని ఎకరాలు పోయాయో పైనుంచి ముందే అంకె వచ్చేది, మేం ఊళ్ళ వారీగా దానికి సరిపడా కింద నింపేవాళ్ళం. వెనక నుంచి లెక్క. నాలాంటి ఫస్టు క్లాసు వాళ్ళు పది మంది ఒక గదిలో కూర్చుంటే గోదావరి ఎక్కడ పొంగిందో గోదావరికే తెలియకుండా చెయ్యగలం. ఇప్పటి కాలేజీలని తిట్టడానికి నాకు నోరు లేదు. మా రోజుల్లో సీనియరు రికార్డు సంపాదించడానికి కనీసం సైకిలు తొక్కాల్సి వచ్చేది, ఇప్పుడు ఫొటో ఫోన్లోకే వస్తోంది, అంతే తేడా. ప్రయోగశాలకి ఏడాదంతా తాళం, పరీక్షల ముందు పది రోజులు దుమ్ము దులపడం. తల్లిదండ్రులేమో పిల్లలు నలిగిపోతున్నారని కన్నీళ్ళు. చదువు కష్టమై కాదమ్మా నలిగేది, పొద్దున్నించి సాయంత్రం దాకా ఇంకొకళ్ళ జవాబులు మోసి నలుగుతున్నారు.

సాయంత్రం హాసిని కిందికి వచ్చింది. "అయిందాండి?" అంది. అవలేదు. మధ్యాహ్నమంతా ఆ పేజీ ముందేసుకుని కూర్చున్నాను. వెనక నుంచి లెక్క నాకు క్షణం పని, కానీ పిల్ల లెక్క ఎక్కడా తప్పలేదు. కూడికలు సరే, భాగహారం సరే. మరి యాభై ఆరు ఎందుకొచ్చిందో బియస్సీ ఫస్టు క్లాసుకి అంతుపట్టలేదు. చెప్పలేక, ఊరుకోలేక, ఎప్పుడో నా మొహాన కాగితం కొట్టిన మనిషి గొంతు నా నోట్లోంచి వచ్చింది. "ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా కొలిచావమ్మా?" హాసిని వేళ్ళతో చూపించింది. "ఇదిగో, పైన బిగించిన చోటి నుంచి ఇక్కడ ముడి దాకా అండి. దారమంతా." "ఊగింది దారమేనా? గుండు ఊగలేదా?" అన్నాను. అంటూనే నాకు గుర్తొచ్చింది. గుండు మధ్య దాకా. ఇంగ్లీషులో అప్పజెప్పి పూర్తి మార్కులు కొట్టేసిన ముక్క.

పిల్ల చురుకైనది. రికార్డు మొదటి పేజీలోకి తిప్పింది. అదే గుండు వ్యాసం అంతకు ముందు ప్రయోగంలో తనే కొలిచి రాసుకుంది. అందులో సగం దారానికి కలిపి మళ్ళీ లెక్క వేసింది. తొమ్మిది వందల డెబ్భై ఆరు. "ఇంకా నాలుగు తక్కువుందండి" అని ఫోను తీసి ఏదో వెతికి, పెద్దగా నవ్వింది. "తాతగారూ, అసలు మన వైపు ఎనభై కాదటండి! భూమి మీద ఒక్కో చోట ఒక్కోలా ఉంటుందట. ఇక్కడ డెబ్భై ఎనిమిదిన్నరకి కాస్త అటూ ఇటూనట." ఇన్నేళ్ళుగా మేం అంతమందిమీ దొంగతనంగా తెచ్చి పెట్టుకున్నది ఈ నేలకి చెందిన అంకె కూడా కాదన్నమాట.

మర్నాడు పిల్లతో పాటు నేనూ కాలేజీకి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అవసరమైతే ఉపన్యాసం ఇవ్వడానికి సిద్ధంగా. హాసిని రికార్డు ముందు పెట్టి, "సార్, డెబ్భై ఆరు వచ్చింది, ఎందుకొచ్చిందో కూడా రాశానండి" అంది. ఆ కుర్ర లెక్చరరు నా తెల్లజుట్టు చూసి, "కూర్చోండి సార్" అని కుర్చీ లాగి, పేజీలు మూడేసి చొప్పున తిప్పి, చివర సంతకం గీకేశాడు. అంకె వైపు చూడనే లేదు. పక్కన ఒక పెద్ద మనిషి నిలబడితే చాలు, అంత పని. నా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది.

ఇంటికి రాగానే తాయారుకి ఫోన్ చేశాను. తునిలో బట్టలు కుడుతుంది, ఆడవాళ్ళ జాకెట్లకి ఆ చుట్టుపక్కల తనే పేరు. నాలుగేళ్ళ కిందట మా ఊరి వాళ్ళ పెళ్ళిలో కనబడితే నంబరు తీసుకున్నాను కానీ ఎప్పుడూ మాట్లాడలేదు. వెనక మిషను చప్పుడు వినిపిస్తోంది. "తాయారూ, దొరికింది. లోలకంలో నీ తప్పు దొరికింది. గుండులో సగం కలపలేదు నువ్వు" అన్నాను, ఆయాసపడుతూ.

"ఓ, అదాండి మూర్తిగారూ. అది నాకు ఆ ఆదివారమే తెలిసిందండి. లాకుల మీద పాత గొళ్ళెం తాడుకి కట్టి ఊపుతుంటే తట్టింది. సోమవారం వెళ్ళి లెక్చరరుగారికి చెప్పానండి, డెబ్భై ఆరు వచ్చిందని. ఎనభై కాదుగా అన్నారు."

"తెలిసిందా? మరి నాకెందుకు చెప్పలేదు? ఆయన దగ్గరికి నేనూ వచ్చేవాణ్ణి కదా!"

మిషను ఆగింది. "చెబుదామనే ఆ ఆదివారం సాయంత్రం మీ ఇంటికి వచ్చానండి. మనిద్దరం మాస్టారి దగ్గర చదివినవాళ్ళం, నువ్వు కూడా వస్తే లెక్చరరుగారు వింటారనుకున్నాను. మూర్తి చదువుకుంటున్నాడు, ఇప్పుడు కదపకూడదమ్మా అంది మీ నాయనమ్మ. అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. కిటికీలోంచి కనబడ్డావు. ఎవరిదో రికార్డు పక్కన పెట్టుకుని, ఎర్ర పెన్సిల్‌తో తొమ్మిది వందల ఎనభై కింద గీత గీస్తున్నావు. రెండు గీతలు గీశావు. లేచి వచ్చేశాను."